సీరియల్లో అత్తని నేను చంపిన వారం

తెలుగు సీరియళ్ళ మీద నాకున్న మొదటి ఫిర్యాదు, వాటిలో ఎవరూ చేపలు కొనరు. ఇరవై మంది ఉన్న ఉమ్మడి కుటుంబం, పెళ్ళిపందిరంత భోజనాల బల్ల, దాని మీద మూతలు పెట్టిన గిన్నెలు. ఏ మూత తీసినా ఒక్క చేప ముక్క కనపడదు. పాయసం ఉంటుంది. ఆ పాయసంలో విషం కూడా ఉంటుంది. విషానికి చోటున్న ఇంట్లో నాలుగు కానాగంత చేపలకి చోటు లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

రెండో ఫిర్యాదు, ఆ ఆడవాళ్ళు పట్టుచీర కట్టుకునే పడుకుంటారు. మూడోది, ఎవరైనా ఒక చిన్న మాట అనగానే ఇంట్లో అందరూ ఒక్కొక్కరుగా మూడేసి సార్లు తల తిప్పుతారు. ఇరవై మంది, అరవై తిప్పుళ్ళు. అప్పటికి ప్రకటనలు వచ్చేస్తాయి. పాటల పోటీల్లో ఎవరిని ఇంటికి పంపుతారో చెప్పడానికి తీసుకునే సమయంలో ఆ పిల్ల నిజంగానే ఇంటికి చేరిపోవచ్చు. కామెడీ ప్రోగ్రాముల్లో జడ్జీలు జోకు కంటే ముందే నవ్వుతారు. వాటిలో వాచ్‌మన్ ఎప్పుడూ మా శ్రీకాకుళం వాడే. మా జిల్లా వాళ్ళందరూ వాచ్‌మన్లే అయితే ఇక్కడ సముద్రంలోకి ఎవరు వెళ్తున్నారో ఆ రాసేవాళ్ళు ఒక్కసారి వచ్చి చూసి పోవాలి.

ఇన్ని ఫిర్యాదులున్నవాడివి చూడటం మానెయ్యొచ్చు కదా అంటారు. మానలేదు. ఫిర్యాదు చెయ్యాలంటే చూడాలి కదా.

కానీ ఆ సీరియళ్ళన్నిటికంటే గొప్పదాన్ని నేను మా అమ్మ నోట విన్నాను. అది చెప్పడానికే ఇదంతా.

మాది శ్రీకాకుళానికి గంట దూరంలో సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. నాన్న పడవ మీద వెళ్తాడు, అమ్మ ఆ చేపల్ని తట్టలో పెట్టుకుని ఆటో ఎక్కి లోపలి ఊరికి వెళ్తుంది. లోపలి ఊరంటే వరి పండించే రైతుల ఊరు. మూడు వీధులు. అక్కడ అమ్మని అందరూ అప్పా అని, అంటే అక్కా అని పిలుస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఆ మూడు వీధులూ అమ్మవే. మోటారు సైకిళ్ళ మీద మైకు పెట్టుకుని చేపలమ్మే కుర్రాళ్ళు వచ్చారు, పోయారు. అమ్మ పోలేదు. దానికి రెండు కారణాలు.

ఒకటి, అమ్మ మాట. "ఇవాల్టి సేప" అంటే ఇవాల్టిదే. నిన్నటిది మిగిలితే నిన్నటిదనే చెప్తుంది. ఎప్పుడైనా పొరపాటున ఒక చేప పాడైందని మర్నాడు ఎవరైనా అంటే, ఏదీ చూపించు అనదు, అడగదు, ఇంకో చేప తీసి వాళ్ళ పళ్ళెంలో వేసేస్తుంది. అందుకని ఆ ఊళ్ళో ఎవరూ అమ్మ తట్టలో చేప మొప్ప ఎత్తి చూడరు. మొప్ప కింద ఎర్రగా ఉంటే తాజా, నల్లబడితే నిన్నటిది. బజారులో ఎవరైనా ముందు అదే చూస్తారు. ఆ మూడు వీధుల్లో మాత్రం చూడరు.

రెండోది, సీరియల్. అది రెండు వేల పన్నెండో పదమూడో, ఊళ్ళకి వంతులవారీగా కరెంటు కోసేవారు. మాకు పగలు కోత, వాళ్ళకి సాయంత్రం కోత. సరిగ్గా ఏడున్నరకి, అత్త వంటింట్లో ఏదో కలపడానికి సిద్ధమయ్యేటప్పటికి, రైతుల ఊరు చీకటైపోయేది. మా ఇంట్లో టీవీ వెలిగేది. మర్నాడు పొద్దున్న అమ్మ చేపలతోపాటు ఎపిసోడ్ కూడా తీసుకుని వెళ్ళేది.

నేను సెలవుల్లో రెండు మూడుసార్లు తట్ట మోయడానికి తోడు వెళ్ళాను కాబట్టి చూశాను. అమ్మ కథ మొత్తం ఒక ఇంటి ముందు చెప్పదు. మొదటి వీధిలో మొదలుపెడుతుంది. చేప కోస్తూ, పొలుసు గీస్తూ, ముక్కకో మాట. సరిగ్గా కోడలు తలుపు సందులోంచి వినేసే చోట కత్తిపీట కడిగి తట్ట మూసి లేస్తుంది. "మిగిల్నాది ఆ వీధిలో సెప్తాను" అంటుంది. ఆడవాళ్ళు పొయ్యి మీద గిన్నె దించేసి వెనకాలే వస్తారు. మూడో వీధి చివరికి వచ్చేసరికి ముప్పై మంది ఉంటారు. ప్రకటనలు ఎక్కడ పెట్టాలో టీవీ వాళ్ళకంటే మా అమ్మకే బాగా తెలుసు.

అప్పట్లో నేను ఎచ్చెర్లలో చదువుకుంటూ హాస్టల్లో ఉండేవాణ్ణి. ఆ వేసవిలో ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది.

"ఒరే, నీకాడ టీవీ ఉన్నాదా?"

"ఉన్నాది."

"కరెంటో?"

"జనరేటరున్నాది."

"అయితే ఈ వారం సీరియలు నువ్వు సూసి నాకు సెప్పాల. మనూరికి కోత సాయంత్రానికి మార్చీసినారు."

"నాకు పరీక్షలున్నాయమ్మా."

"పరీచ్చ ఏడున్నరకేటి?"

ఒప్పుకున్నాను. సాయంత్రం చూడటం, తెల్లవారుజామున ఒడ్డుకి పడవలు వచ్చే వేళకి అమ్మ ఫోన్ చేస్తే చెప్పడం. ఒప్పందం అది. మొదటి రోజే గొడవ.

"ఏటైనాది?"

"ఏటీ అవలేదు. కోడలు కాఫీ తెచ్చినాది, అత్త సూసినాది."

"ఎలగ సూసినాది?"

"కళ్ళతో."

"ఒరే, నాను మూడు వీధులు తిరగాల. కళ్ళతోనంటే ఒక్క ఇంటికి కూడా సాలదు. ఏ సీర కట్టినాది? కాఫీ తాగినాదా, కిందెట్టీసినాదా? ఎనకాల కొడుకున్నాడా లేడా?"

నేను టీవీలో అరగంట చూసింది నాకు ఒక్క వాక్యం. ఆ ఒక్క వాక్యం లోంచి అమ్మ మళ్ళీ అరగంట తీసేది. మధ్యలో నేను ఒక గొట్టం అన్నమాట.

నాలుగో రోజు క్రికెట్ మ్యాచ్ వచ్చింది. హాస్టల్ హాల్లో ఒకటే టీవీ, నలభై మంది కుర్రాళ్ళు. "ఒరే, సీరియల్ పెట్టండి, అత్త ఏం చేస్తుందో చూడాలి" అని అడిగే ధైర్యం నాకు లేదు. ఉన్నా ఆ తర్వాత మూడేళ్ళు అక్కడ బతకలేను. మ్యాచ్ చూశాను. ఓడిపోయాం. పడుకున్నాను.

తెల్లవారకముందే ఫోను. వెనకాల అలల చప్పుడు, వేలం పాట పాడుతున్న గొంతు.

"ఏటైనాది రా?"

చూడలేదని చెప్తే పోయేది. కానీ ఆ సీరియల్ చూస్తూ చూస్తూ నాకు చాలా రోజులుగా ఒక కోరిక ఉండేది. ఆ కథని ఎవరైనా ఒక్క దెబ్బతో ముందుకి నెట్టాలని. ఆ నిద్రమత్తులో అవకాశం నాకే దొరికింది.

"అత్త సచ్చిపోనాది."



"ఎవులు సంపినారు?"

"ఎవులూ సంపలేదు. కోడలికని ఇసం కలిపిన పాలు పక్కనెట్టుకున్నాది. ఇంతలో కరెంటు పోనాది. సీకట్లో గ్లాసు మారిపోనాది. తనే తాగీసినాది."

"ఆళ్ళకీ కోతేనా" అని అమ్మ జాలిపడింది. ఏళ్ళ తరబడి ఒక్క క్షణం కరెంటు పోని ఆ ఇంట్లో నేను కరెంటు తీసేశాను, దాంతో నా కథ మొత్తం నమ్మదగినదైపోయింది. "ఏ సీర?"

"తెల్లది. ఎర్రంచు." ఆ అంచు గురించి నాకు అప్పట్లో కొంచెం గర్వంగా కూడా ఉండేది.

మధ్యాహ్నం మళ్ళీ ఫోన్ వచ్చింది.

"ఏటిరా, నువ్వు సెప్పిన సావుకి తట్ట తట్టలాగే ఎనక్కొచ్చీసినాది."

జరిగింది ఇది. మొదటి వీధి మొదటి ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటుంది. ఊళ్ళో సగం మందికి అత్తో పెద్దత్తో అవుతుంది. ఆవిడ ఎపిసోడ్ అంతా విని కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సావు కబురు సెప్పి సేపలు కొనమంటావేటే" అని లేచి వెళ్ళి తలకి నీళ్ళు పోసుకుంది. ఆవిడ పోసుకుందని ఎదురింటి ఆవిడ పోసుకుంది. ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరూ నీచు ముట్టలేదు. మూడో వీధిలో ఒక కోడలు మాత్రం అమ్మని పెరటి గుమ్మంలోకి పిలిచి రొయ్యలు కొన్నదట. ఎందుకని అమ్మ అడగలేదు.

ఇదంతా విని నేను హాస్టల్ మెట్ల మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. ఒప్పుకోవాలి. టీవీలో ఎంతమంది రాసేవాళ్ళుంటే ఏం, ఒక ఊరి చేత చేపలు మాన్పించినవాడు ఒక్కడూ ఉండడు.

సాయంత్రం టీవీ పెట్టాను. అత్త ఆకుపచ్చ పట్టుచీరలో వచ్చి సోఫాలో కూర్చుంది. ఆరోగ్యంగా ఉంది.

అక్కడైనా ఆగి నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. అత్త కనపడ్డవన్నీ కొడుకు తలుచుకుంటున్న పాత సంగతులని అమ్మకి చెప్పాను. మర్నాడూ అదే. ఆ మర్నాడు అమ్మ, "ఇంతకీ దినం ఎప్పుడు సేస్తారట? పెద్దావిడ అడగమన్నాది" అంది. ఆదివారం అని చెప్పాను. సీరియల్ ఆదివారం రాదు కదా అని అమ్మ అంది. అందుకే చూపించరు అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ మరుసటి సోమవారం ఎవరో పెద్దమనిషి కారు రైతుల ఊరి మీదుగా వెళ్తుందని ఆ ఒక్క సాయంత్రానికి వాళ్ళకి కోత ఎత్తేశారు. ఊరు ఊరంతా ఎన్నో వారాల తర్వాత టీవీల ముందు కూర్చుంది. ఏడున్నరైంది. దినం దాకా వెళ్ళిపోయిన మనిషి తెరమీదకి వచ్చి కోడల్ని తిట్టింది.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. గొంతు మామూలుగానే ఉంది.

"పెద్దావిడ, ఇది ఇవాల్టి సేపేనా అని అడిగినాదిరా."

తర్వాత ఏమైందని అడిగాను.

"మొప్ప ఎత్తి సూసినాది. ఆవిడ సూసినాదని అందరూ సూసినారు."

అంతే చెప్పింది. సీరియల్ మాట ఎత్తలేదు, అత్త మాట ఎత్తలేదు. పదిహేనేళ్ళలో ఎవరూ ఎత్తని మొప్పలు ఆ ఒక్క పొద్దున్న మూడు వీధుల్లో ఎత్తారు. కథలో అబద్ధం చెప్పిన మనిషి చేపలో ఎందుకు చెప్పదని వాళ్ళ లెక్క. నేను వాళ్ళ చోట ఉన్నా అలాగే అనుకుంటాను. అప్పుడు మాత్రం నవ్వు రాలేదు. జరిగిందంతా చెప్పేశాను, క్రికెట్ దగ్గర్నుంచి ఎర్రంచు దాకా.

అమ్మ చివరిదాకా విని, "సాయంత్రం ఆటోకి వచ్చీ" అంది.

"రేపు నాకు క్లాసు..."

"వచ్చీ."

బయలుదేరే ముందు ఒక్క పని చేశాను. ఆ క్రికెట్ నాటి ఎపిసోడ్ నిజంగా ఏమైందో తెలుసుకోవాలి. మా మెస్సులో కూరలు తరిగే ఆవిడ ఒక్క రోజు కూడా సీరియల్ వదలదు. అడిగితే కళ్ళు పైకెత్తి ఆలోచించి చెప్పింది. "అత్త మెట్లెక్కినాది బాబూ." తర్వాత? "ఎక్కినాది. అయిపోనాది." నేను ఒక మనిషిని చంపి తగలేసిన అరగంటలో, ఆ సీరియల్ వాళ్ళు ఒకావిడని మేడ మెట్లు ఎక్కించారు.

మర్నాడు పొద్దున్న అమ్మ వెనకాల నేను తట్ట మోసుకుంటూ రైతుల ఊళ్ళోకి వెళ్ళాను. అమ్మ పెద్దావిడ అరుగు మీద తట్ట దింపించి మూత తియ్యకుండా నిలబడింది. చుట్టూ పదిమంది చేరారు. ముందు రోజులంత ఎక్కువ మంది కాదు, వెనకాల ఉన్నవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ముందు ఈడు మాటాడతాడు" అంది అమ్మ.

ఎన్నో కామెడీలు చేసిన నోరు నాది. ఆ పదిమంది ముందు మూడు ముక్కలే వచ్చాయి. "అత్త సావలేదండి. నాను క్రికెట్ సూసుకుని అబద్ధం సెప్పినాను. మాయమ్మకి తెలీదు" అన్నాను.

పెద్దావిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "ఏటి సదువుతన్నావు?"

చెప్పాను.

"అక్కడ ఇదేనేటి నేర్పుతారు?" అంది. వెనకాల ఎవరో నవ్వారు. "మరి నాను తలకి పోసుకున్న నీల్ల మాటేటి? ఆ రోజు నా కొడుకు సేపల పులుసని అడిగితే నోరు ముయ్యమన్నానే, దానికేటి సెప్తావు?"

నా బదులు అమ్మ అంది: "సేప పాడైతే మార్సి ఇస్తన్నాను కదమ్మా. ఇదీ అంతే. నాను పాడు కత ఇచ్చినాను. మార్సి ఇస్తాను. ఆ రోజు నిజంగా ఏటైనాదో ఈడే సెప్తాడు."

నేను చెప్పాను. "అత్త మెట్లెక్కినాది."

అందరూ చూస్తున్నారు.

"అంతే. ఎక్కినాది."

"దీనికన్నా ఆ సావే బాగున్నాది" అంది ఒక కోడలు. చేతులు కట్టుకున్నవాళ్ళు వెనక్కి తిరగబోయారు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మకి అప్పటిదాకా నా మీద ఉన్న కోపం ఒకటి, ఆ కథ నేను చెప్పిన తీరు చూసి వచ్చిన కోపం ఒకటి. రెండోదే పెద్దదిలా ఉంది.

"నువ్వు తప్పుకో" అంది.

అరుగు అంచున కూర్చుంది. కత్తిపీట ముట్టుకోలేదు. ఎడమ చేత్తో చీర కుచ్చిళ్ళు కొంచెం పైకెత్తి పట్టుకుంది, మెట్లెక్కేటప్పుడు పట్టుకున్నట్టు. "కింద హాల్లో ఎవులూ లేరు" అని మొదలుపెట్టింది. మొదటి మెట్టు మీద అత్తకి తను కొత్తకోడలిగా ఆ ఇంటికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. మూడో మెట్టు మీద మోకాలు నొప్పి పెట్టింది, ఎవరికీ చెప్పుకోలేదు. ఐదో మెట్టు దగ్గర పైనుంచి కొడుకూ కోడలూ నవ్వుకుంటున్న చప్పుడు వినపడింది, ఆగిపోయింది. ఆ నవ్వు తనని చూసి కాదని తెలుసు, అయినా ఆగిపోయింది. అమ్మ కూడా ఆగింది.  పెద్దావిడ చెయ్యి తన మోకాలి మీదకి వెళ్ళడం నేను చూశాను.

అమ్మ సీరియల్లో లేనిది ఒక్కటీ చేర్చలేదని అంటే అబద్ధం అవుతుంది. మోకాలు ఎవరిదో నాకు తెలుసు, రోజూ తట్ట మోసే మనిషిది. కానీ అత్త చావలేదు, పడిపోలేదు, విషం కలపలేదు. మెట్లెక్కింది, అంతే. ఆ పదకొండు మెట్లూ ఎక్కించడానికి అమ్మకి పావుగంట పట్టింది. ఈలోగా వెనక్కి తిరిగినవాళ్ళు ముందుకి వచ్చేశారు, రెండో వీధి వాళ్ళు మొదటి వీధిలోకే వచ్చేశారు. ఏ నాటకాన్నీ నమ్మని వాణ్ణి, అత్త తలుపు మీద చెయ్యి వేసేసరికి నేను కూడా ఊపిరి బిగబట్టి ఉన్నాను. అంతకుముందు నేను చూసిన ఏ ప్రోగ్రాంలోనూ, జడ్జీల చేత నిలబడి చప్పట్లు కొట్టించుకున్నవాళ్ళలోనూ ఇలాంటి మనిషిని చూడలేదు. మా అమ్మ అని గట్టిగా అరిచి చెప్పాలనిపించింది. అక్కడ అందరికీ తెలిసిన సంగతే కాబట్టి ఊరుకున్నాను.

"తలుపు తోసినాదా?" అడిగింది పెద్దావిడ. "తోసే ఉంటాది. మరి నిన్న ఏటైనాది?"

"నాకు తెలీదమ్మా" అంది అమ్మ.

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

"నిన్న మాకు కరెంటు లేదు. ఈడు కూడా సూడలేదు, నాతోనే ఉన్నాడు. సూసినోల్లని అడిగి, ఇద్దరు ఒకే మాట సెప్తేనే మీకు సెప్తాను. లేపోతే లేదు."

మూడు వీధులు తిరగాల్సిన మనిషి, చేతిలో జనాన్ని పెట్టుకుని, తెలీదు అని చెప్పి తట్ట మూత తీసింది. తనే ఒక కానాగంత తీసి మొప్ప ఎత్తి ఎండకి తిప్పి అందరికీ చూపించింది. ఎర్రగా ఉంది.

పెద్దావిడ ఆరు తీసుకుంది, చూడకుండానే. ఆవిడ కోడలు పళ్ళెం తెచ్చి ఒక్కొక్కటీ మొప్ప ఎత్తి మరీ చూసుకుని లోపలికి పట్టుకెళ్ళింది. అమ్మ ఏమీ అనలేదు. మిగిలిన ఇళ్ళలో కొందరు చూశారు, కొందరు చూడలేదు. నేను మూడు వీధుల్లోనూ అత్త చావలేదండి అని చెప్పుకుంటూ తట్ట మోశాను. మూడో వీధిలో పెరటి గుమ్మం కోడలు ఒక్కర్తీ కొంచెం నిరాశపడింది.

ఆ తర్వాత రెండు వారాలు అమ్మ ప్రతి ఇంటి ముందూ ఎవరూ అడక్కుండానే ముందు మొప్ప ఎత్తి చూపించేది. నేను హాస్టల్‌కి వచ్చేశాను. ఏడున్నరకి కుర్రాళ్ళ దగ్గర రిమోట్ లాక్కునేవాణ్ణి. నా పరువు సంగతి ఇక్కడ రాయను. చూసింది చూసినట్టు, చీర రంగుతో సహా చెప్పేవాణ్ణి. అమ్మ నా ఫోన్లోనే మా మెస్సులో ఆవిడతో కూడా మాట్లాడి, ఇద్దరి మాటలూ సరిపోయాకే ఫోన్ పెట్టేసేది.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ ఫోన్ చేసింది. మెట్లెక్కడానికి పావుగంట తీసుకున్న మనిషి, ఇది మాత్రం ఒక్క ముక్కలో చెప్పింది.

"పెద్దావిడ కోడలుందా, నాను సేప తీసి మొప్ప ఎత్తబోతే, సాల్లే అప్పా, ముందు కత సెప్పు అన్నాదిరా."